హినాకు దాహం తక్కువ

రేపల్లెలో మా నానీ ఇంటి ఆంగన్‌లో, ప్రహరీ మూల ఒక హినా పొద ఉండేది. దానికి నీళ్లు పోయనిచ్చేది కాదు నానీ. "పోస్తే రంగు చస్తది బేటా" అనేది. ఆషాఢంలో పక్కింటి ఆడపిల్లలు, చాంద్ రాత్‌కు మా మొహల్లా పిల్లలు అదే పొదను దూసేవాళ్లు. వాళ్లకది గోరింటాకు, మాకు మెహందీ.

నానీ మాట వట్టి నమ్మకమేం కాదు. ఎరుపునిచ్చే పదార్థాన్ని లాసోన్ అంటారు. ఎండిన ఆకులో నూటికి ఒకటి రెండు పాళ్లు ఉంటుంది, వేడి నేలలో పెరిగిన ఆకులో ఇంకాస్త ఎక్కువ. వానలు తక్కువైన రాజస్థాన్ సోజత్ మెహందీకి అంత పేరు ఊరికే రాలేదు. లిన్నేయస్ 1753లో దీనికి లాసోనియా ఇనెర్మిస్ అని పేరు పెట్టాడు. ఇనెర్మిస్ అంటే ముళ్లు లేనిదని. ముదిరిన కొమ్మను ఆయన పట్టుకున్నట్టు లేడు!

అరబ్బులకు హినా అప్పటికే ఎంతో పాతది. ప్రవక్త (స) ముల్లు గుచ్చుకున్నా, పుండు పడినా హినా పెట్టించేవారని తిర్మిజీలో రివాయత్ ఉంది. 630లో మక్కా ఫతహ్ నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తండ్రి అబూ ఖుహాఫా తెల్లబడిన తలను చూసి, రంగు మార్చండి, నలుపు మాత్రం వద్దన్నారు. అది జుట్టు మాట, చేతుల మాట కాదు. అయినా మొన్నటి చాంద్ రాత్ నుంచి నాకదే గుర్తొస్తోంది. మా భాంజీ "బ్లాక్ మెహందీ" కోన్ పెట్టించుకుంది. మూడో రోజుకు చేతి మీద డిజైన్ ఉన్నంత మేరా బొబ్బలు. అందులో జుట్టు రంగుల్లో వేసే పీపీడీ కలిసి ఉంటుందన్నాడు డాక్టర్. అసలు హినా నల్లగా పండదు, గంటలో పండదు.

నానీ పొద ఇప్పుడు లేదు. ఆంగన్‌కు టైల్స్ వేసినప్పుడు కొట్టేశారు, నేనూ అడ్డం చెప్పలేదు. దాని కొమ్మ ఒకటి బాపట్లలో ఖాలా ఇంట బతికింది. అక్కడి ఇసుక నేల దానికి హాయి. మా తెనాలిది నల్లరేగడి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలవ నీళ్లు పారిన డెల్టా. ఇక్కడ దానికి కరువు కంటే నిలవ నీళ్లే ఖతరా. అందుకే గట్టు ఎత్తుగా పోసి, ఇసుక కలిపి, తొలకరిలో పెన్సిలంత లావు కొమ్మ గుచ్చాను. వేరు పట్టేదాకా నీళ్లు పోశాను, తర్వాత మానేశాను. పూత అయ్యాక కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

ఈసారి మొదటిసారి పూసింది. ఆషాఢానికి ఆకు ఉంటుందా అని పక్కింటి వదినగారు నిన్ననే అడిగి వెళ్లారు.