విమాన దూరం

రెండు విమానాశ్రయాల మధ్య భూగోళ ఉపరితలంపై గల కనిష్ఠ దూరాన్ని విమాన దూరం అంటారు. ఇది భూకేంద్రమే తన కేంద్రంగా గల మహావృత్తంలోని చాపం పొడవు.

గణన

రెండు స్థానాల అక్షాంశ, రేఖాంశాల నుండి భూకేంద్రం వద్ద ఏర్పడే కోణాన్ని కనుగొని, డిగ్రీకి సుమారు 111.2 కి.మీ. చొప్పున లెక్కించాలి. ఉదాహరణకు హైదరాబాదు (శంషాబాదు), లండన్ (హీత్రో) విమానాశ్రయాలకు ఈ కోణం సుమారు 69.7 డిగ్రీలు, దూరం సుమారు 7,750 కి.మీ.

ప్రయాణ కాలం

గంటకు 850 కి.మీ. వేగంతో ఈ దూరానికి సుమారు 9 గంటలు పడుతుంది. చుట్టుమార్గాలు, ఆరోహణ, అవరోహణలు ఈ కాలాన్ని పెంచుతాయి. పడమటి నుండి వీచే ఎగువ గాలులు లండన్ వెళ్ళే విమానానికి ఎదురై, తిరుగు ప్రయాణంలో తోడ్పడతాయి.

భారత కాలమానం లండన్ కంటే శీతాకాలంలో 5:30 గంటలు, వేసవిలో 4:30 గంటలు ముందుంటుంది. కనుక బయలుదేరిన, చేరిన వేళలను ఒకే కాలమానంలోకి మార్చిన తరువాతనే తీసివేయాలి.