మా తర్వాత మా పిల్లల్ని ఎవరు చూస్తారు?.. 18 ఏళ్లు దాటిన దివ్యాంగులకు ఏ సాయం ఎక్కడ దొరుకుతుందంటే..

మేధో వైకల్యం ఉన్న అబ్బాయికి 18 ఏళ్లు నిండాయి. అతని ఖాతాలో డబ్బు తీయడానికి నాన్న బ్యాంకుకు వెళ్లారు. 'మీ అబ్బాయి మేజర్ అయ్యాడు కదా, ఇక మీ సంతకం చెల్లదు' అని కౌంటర్‌లో చెప్పేశారు. ఇన్నాళ్లూ అన్నీ తామే చూసుకున్న తల్లిదండ్రులకు ఇది పెద్ద షాక్. ఇంటికొచ్చాక అసలు భయం మొదలవుతుంది. మేం పోయాక వీడికెవరు?

ఆస్తి రాసివ్వడం, అన్నకో చెల్లికో అప్పగించడం మాత్రమే దీనికి దారి అని చాలామంది అనుకుంటారు. కానీ చట్టంలో ఇంకా కొన్ని దారులున్నాయి. అయితే అవి వాటంతట అవి ఇంటికి రావు. తల్లిదండ్రులు ఓపికతో తిరగగలిగే వయసులో ఉన్నప్పుడే అడిగి తీసుకోవాలి. అవేంటో చూద్దాం.

సొంతంగా బతకడం అంటే ఒంటరిగా ఉండటమా?

కాదు. ఏం తినాలి, ఎక్కడ ఉండాలి, ఎవరితో ఉండాలి అనే విషయాల్లో ఆ వ్యక్తి మాట చెల్లుబాటు కావడం, అందుకు కావాల్సిన సాయం అందడం. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే, ఇందులో 21 ఉన్నాయి. దివ్యాంగులకు అందరి మధ్య, సమాజంలోనే బతికే హక్కు ఉందని ఈ చట్టంలోని 5వ సెక్షన్ చెబుతోంది. ఫలానా చోటే ఉండాలని వాళ్లను బలవంతం చేయకూడదు. ఇంటి దగ్గర అందే సేవలు, వసతి సేవలు వాళ్లకు అందుబాటులో ఉండాలి.

మొదటి మెట్టు సర్టిఫికెట్

ఏ సాయం కావాలన్నా ముందు వైకల్య ధ్రువపత్రం ఉండాలి. చాలా పథకాలకు కనీసం 40 శాతం వైకల్యం అవసరం. దీనికోసం ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లోనూ, మీసేవలోనూ సదరం స్లాట్ బుక్ చేసుకోవచ్చు. దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు కోసం స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో అప్లై చేయాలి. చిన్నప్పుడు తీసుకున్న సర్టిఫికెట్ ఉంటే దాని గడువు ఒకసారి చూసుకోవాలి. గడువు దాటితే మళ్లీ పరీక్ష చేయించుకోవాల్సి వస్తుంది.

గార్డియన్ సర్టిఫికెట్ ఎవరికి అవసరం?

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతుంటారు. చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవారికి వైకల్యం ఉన్నంత మాత్రాన గార్డియన్ అక్కర్లేదు. వాళ్ల నిర్ణయం వాళ్లదే. చూపు లేదన్న కారణంతో చెక్‌బుక్, ఏటీఎం కార్డు, లాకర్ ఇవ్వకుండా ఆపొద్దని రిజర్వ్ బ్యాంక్ గతంలోనే బ్యాంకులకు స్పష్టం చేసింది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు.. ఈ నాలుగింటి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దీని కింద జిల్లాకో స్థానిక కమిటీ ఉంటుంది. అందులో కలెక్టర్, నేషనల్ ట్రస్ట్‌లో రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి సభ్యులు. 18 దాటిన వ్యక్తికి గార్డియన్ కావాలంటే కోర్టు దాకా వెళ్లకుండా ఈ కమిటీకే దరఖాస్తు చేసుకోవచ్చు. తల్లిదండ్రులు గానీ బంధువులు గానీ అప్లై చేయొచ్చు. ఈ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్‌తో ఖాతా తెరవడానికి, నడపడానికి బ్యాంకులు ఒప్పుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ తెలిపింది.

అసలు గార్డియన్ అవసరమా, ఏయే విషయాలకు అవసరం అన్నది కూడా కమిటీ చూస్తుంది. గార్డియన్ అయితే ఆస్తి చేతికొచ్చినట్టు కాదు. నియమించిన 6 నెలల్లోపు ఆ వ్యక్తి ఆస్తులు, అప్పుల వివరాలు ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోపు లెక్క చూపించాలి. సరిగా చూసుకోకపోయినా, వేధించినా, డబ్బు వాడేసుకున్నా బంధువులు లేదా రిజిస్టరైన సంస్థ ఫిర్యాదు చేయొచ్చు. గార్డియన్‌ను తొలగించే వీలు కూడా ఉంది.

2016 చట్టంలో 'పరిమిత సంరక్షణ' అనే మరో దారి ఉంది. ఇందులో ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే సాయం ఉంటుంది. గార్డియన్ ఒక్కరే తేల్చేయకుండా ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.

నెలనెలా వచ్చే పింఛను

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతం వంటి కారణాలతో పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగులకు ఇచ్చే మొత్తాన్ని 2023 జూలైలో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇళ్లలో చాలామంది వదిలేసే విషయం ఇంకొకటుంది. సంపాదించుకోలేని దివ్యాంగ కొడుక్కి లేదా కూతురికి తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పింఛను వచ్చే అవకాశం ఉంది. వాళ్ల వివరాలు ముందే ఆఫీసు రికార్డుల్లోకి ఎక్కించాలి. తల్లీతండ్రీ ఇద్దరూ పోయాక ఆ పని మొదలుపెడితే కాగితాల కోసం తిరగడానికి మనిషే ఉండరు.

వైద్యం, పరికరాలు

నేషనల్ ట్రస్ట్ పరిధిలోని నాలుగు వైకల్యాలవారికి 'నిరామయ' ఆరోగ్య బీమా ఉంది. కవరేజీ లక్ష రూపాయల వరకు. చేరేముందు వైద్య పరీక్షలు ఉండవు. ఆస్పత్రిలో చేరినప్పుడే కాదు, ఓపీ వైద్యానికి, థెరపీలకు కూడా పరిమితుల మేరకు డబ్బు వస్తుంది.

వీల్‌చైర్లు, ట్రైసైకిళ్లు, వినికిడి యంత్రాల లాంటివి 1981 నుంచి నడుస్తున్న ఏడిప్ పథకం కింద ఇస్తారు. ఇందుకు ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లాలో క్యాంపు ఎప్పుడు పెడుతున్నారో సంక్షేమ శాఖ ఆఫీసులో కనుక్కోవచ్చు. మానసిక సమస్యలకు 14416 నంబర్‌లో టెలిమానస్ ఉచిత కౌన్సెలింగ్ ఇస్తుంది. తోడు లేని వృద్ధుల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

పని నేర్చుకోవడం, బయట తిరగడం

బస్సెక్కడం, చిల్లర లెక్క చూసుకోవడం, మందులు టైమ్‌కి వేసుకోవడం, అన్నం వండుకోవడం.. సొంత జీవితానికి ఇవే పునాది. ఇలాంటి నైపుణ్యాల్లో శిక్షణకు దేశస్థాయి సంస్థ మన సికింద్రాబాద్‌లోనే ఉంది. మనోవికాస్ నగర్‌లోని ఈ సంస్థ 1984లో మొదలైంది. ఇప్పుడు దాన్ని నైపిడ్ అంటున్నారు. మేధో వైకల్యం ఉన్నవారికి పరీక్షలు, థెరపీ, వృత్తి శిక్షణతో పాటు కుటుంబ సభ్యులకు కూడా ఇక్కడ శిక్షణ ఇస్తారు.

రైళ్లలో మేధో వైకల్యం ఉన్నవారికి, చూపు పూర్తిగా లేనివారికి, తోడు లేకుండా ప్రయాణించలేని వైకల్యం ఉన్నవారికి స్లీపర్ క్లాసులో 75 శాతం రాయితీ ఉంది. వెంట వచ్చే ఒకరికి కూడా అది వర్తిస్తుంది. ఓటు విషయానికొస్తే, 40 శాతం పైగా వైకల్యం ఉన్నవారు ఫారం 12డి ఇచ్చి ఇంటి నుంచే ఓటు వేయొచ్చు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఈ సౌకర్యం దేశమంతా కల్పించారు.

ఇంట్లో చూసేవాళ్లే లేకపోతే?

నేషనల్ ట్రస్ట్ కింద పగటిపూట చూసుకునే కేంద్రాలకు 'వికాస్', కొన్నాళ్లపాటు ఉంచుకోవడానికి 'సమర్థ్', 18 దాటినవారు జీవితాంతం ఉండటానికి 'ఘరౌందా' పథకాలున్నాయి. వీటిని రిజిస్టరైన సంస్థలే నడుపుతాయి. కాబట్టి మీ జిల్లాకు దగ్గరలో ఏ సంస్థ ఉందో ముందే తెలుసుకోవాలి. కుటుంబం ఉన్నప్పుడే కొన్ని రోజులు అక్కడ ఉంచి చూస్తే ఆ వ్యక్తికి నచ్చిందో లేదో అర్థమవుతుంది. అమ్మ ఆస్పత్రిలో చేరిన రోజున హడావుడిగా కొత్తచోట దింపడం కంటే ఇది ఎంతో నయం.

ఇక పెద్ద లోటు ఇంటికొచ్చి సాయపడే మనిషి విషయంలో ఉంది. స్నానం చేయించడానికి, మంచం మీంచి లేపడానికి రోజూ మనిషి కావాలి. ఎక్కువ సాయం అవసరమైనవారు దానికోసం దరఖాస్తు చేసుకోవచ్చని 2016 చట్టంలోని 38వ సెక్షన్ చెబుతోంది. సంరక్షకుల భత్యం ప్రస్తావన కూడా అదే చట్టంలో ఉంది. కానీ చాలా ఇళ్లలో ఈ పనంతా ఇప్పటికీ అమ్మ మీదో అక్క మీదో పడుతోంది. పింఛను డబ్బుతో రోజంతా ఉండే మనిషిని పెట్టుకోవడం కుదిరే పని కాదు.

ఇప్పుడే చేయాల్సిన పనులు

1. వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు, ఆధార్‌లో పేరు, పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి.
2. 18 నిండగానే గార్డియన్ అవసరమా కాదా తేల్చుకోండి. అవసరమైతే కలెక్టరేట్‌లో స్థానిక కమిటీ గురించి అడగండి.
3. నిరామయకు అర్హత ఉంటే చేరండి. ఏటా రెన్యువల్ మరిచిపోవద్దు.
4. మందులు, భయాలు, ఇష్టమైన తిండి, రోజువారీ అలవాట్లు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. రేపు చూసుకోబోయేవాళ్లకు మొదట కావాల్సింది అదే.
5. ఎక్కడ, ఎవరితో ఉండాలనుకుంటున్నారో ఆ వ్యక్తినే అడగండి. మాటల్లో చెప్పలేకపోతే ఫొటోలు చూపించి, సైగలతోనైనా అడగండి.

ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో, తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి ఆఫీసులో వీటి వివరాలు తీసుకోవచ్చు. వెళ్లేటప్పుడు అన్నింటి జిరాక్స్ కాపీలు, ఫొటోలు వెంట ఉంచుకుంటే రెండోసారి తిరిగే పని తప్పుతుంది.