తండ్రి వీలునామా, కూతురి బడులు

ఫిలడెల్ఫియా బ్యాంకరు ఫ్రాన్సిస్ ఆంటొనీ డ్రెక్సెల్ 1885లో చనిపోయేనాటికి ఆయన ఆస్తి సుమారు కోటిన్నర డాలర్లు. అందులో పదో వంతు ధర్మసంస్థలకు రాసి, మిగతాది ట్రస్టులో పెట్టాడు. ముగ్గురు కూతుళ్లకూ దక్కేది దానిమీద వచ్చే రాబడే, అసలు జోలికి ఎవరూ పోకూడదు. ఆస్తి కోసం కాచుక్కూచునే అల్లుళ్లంటే ఆయనకు భయం. కూతుళ్లు సంతానం లేకుండా పోతే అసలు కూడా ఆ ధర్మసంస్థలకే చెందాలన్నాడు.

రెండో కూతురు క్యాథరిన్. సవతి తల్లి ఎమ్మా వారానికి మూడు రోజులు ఇంటి తలుపులు తెరిచి, వచ్చిన పేదలకు తిండీ బట్టా అద్దె డబ్బులూ ఇచ్చే ఇంట్లో పెరిగింది. 1887లో రోముకు వెళ్లి పోప్ పదమూడో లియోను కలిసి, అమెరికా ఆదివాసుల కోసం మత గురువులను పంపమని అడిగింది. నువ్వే మిషనరీవి కారాదా అన్నాడాయన. నాలుగేళ్లు తిరిగేసరికి ఆమె సన్యాసిని. 1891లో ఆదివాసులకూ నల్లవారికీ చదువు చెప్పడానికే ‘సిస్టర్స్ ఆఫ్ ది బ్లెస్డ్ శాక్రమెంట్’ అనే సొంత సభను స్థాపించింది.

దానమిచ్చి పక్కకు తప్పుకునే మనిషి కాదు. గుడి కట్టడానికి డబ్బిస్తే, ముందు వరుస నుంచి చివరి దాకా ఒక వైపు బల్లలు నల్లవారికి వదలాలని షరతు పెట్టేది. వెనక బల్లలే వాళ్లకు మిగిల్చే రోజులవి. 1905లో నాష్‌విల్‌లో నల్ల ఆడపిల్లల బడికి వేరే మనిషి ద్వారా స్థలం కొనిపించింది. అసలు సంగతి తెలిశాక అమ్మినాయన బేరం రద్దు చేసుకోమన్నాడు. మర్యాదగా జవాబు రాసింది తప్ప స్థలం వదల్లేదు. న్యూ ఆర్లీన్స్‌లో 1915లో మొదలుపెట్టిన బడి పదేళ్లకు కాలేజీ అయింది. అదే నేటి జేవియర్ విశ్వవిద్యాలయం. అక్కడ చదివినవాళ్లు లూసియానా పల్లెల్లో ఆమె కట్టించిన చిన్న బడులకు పంతుళ్లుగా వెళ్లారు.

తన మట్టుకు పెన్సిలు వేళ్లకు అందనంత అరిగేదాకా పారేసేది కాదు. ఆదాయపు పన్ను పెరిగి బడుల డబ్బుకు గండి పడితే, 1924లో అమెరికా కాంగ్రెస్ చట్టమే సవరించింది: పదేళ్లుగా రాబడిలో తొంభై శాతానికి మించి దానం చేస్తున్నవారికి పన్ను మినహాయింపు. అలాంటివాళ్లు దేశంలో ఎందరుంటారు!

పొగడ్తకు ఒక చోట పగ్గం వెయ్యాలి. ఆదివాసీ పిల్లలను కన్నవాళ్లకు దూరంగా హాస్టలు బడుల్లో ఉంచి, వాళ్ల భాషనూ ఆచారాలనూ మరిపించడం ఆ కాలపు పద్ధతి. ఆమె సొమ్ము అలాంటి బడులకూ చేరింది. ఆమె మనసు మంచిదే, కానీ పిల్లలు పోగొట్టుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

1935లో గుండెపోటు వచ్చి మంచాన పడింది. అక్క అంతకుముందే పోయింది; చెల్లెలు లూయీజ్ కూడా 1943లో పోవడంతో ట్రస్టు రాబడంతా ఆమె ఒక్కతికే వచ్చేది. 1955 మార్చి 3న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూసింది. అప్పటికి బడుల మీద పెట్టింది సుమారు రెండు కోట్ల డాలర్లు. ముగ్గురు అక్కచెల్లెళ్లలో ఎవరికీ పిల్లలు లేరు. తండ్రి రాసినట్టే అసలంతా 1885 నాటి జాబితాలోని సంస్థలకు వెళ్లింది. ఆ జాబితా రాసేనాటికి ఆమె సభ పుట్టనే లేదు కనుక ఒక్క డాలరు కూడా దాని వాటాకు రాలేదు. 2000లో రోము ఆమెను పునీతగా ప్రకటించింది. జేవియర్ మాత్రం ఫీజుల మీదా కొత్త దాతల మీదా నిలబడి, నేటికీ నల్లజాతి విద్యార్థులను పెద్ద సంఖ్యలో వైద్య కళాశాలలకు పంపుతోంది.