విద్వత్తును కొలుచు కుంచము

ఒక విద్వాంసుడు వ్రాసిన గ్రంథమునకు విలువ యెంత యని నిర్ణయించుట యెట్లు? ధాన్యమునకు కుంచమున్నది, మానిక యున్నది, భూమికి గొలుసున్నది, బంగారమునకు త్రాసున్నది. విద్యకు అట్టి సాధనము లేదనియే మన పెద్దలు తలచిరి. కాని గడచిన నూరేండ్లలో పాశ్చాత్యదేశములందు అట్టి కొలమాన మొకటి పుట్టి పెరిగి, నేడు మన విశ్వవిద్యాలయములలోనికిని వచ్చి కూర్చున్నది. ఒకరు వ్రాసిన వ్యాసమును తరువాతివారెందరు తమ వ్రాతలలో ప్రమాణముగ పేర్కొనిరో లెక్కించి, ఆ లెక్కను బట్టి ఆ పరిశోధనకు విలువ కట్టుటయే ఆ పద్ధతి. మీ మనుమలును మనుమరాండ్రును కళాశాలలలో అధ్యాపకోద్యోగములు కోరి పోవునపుడు ఈ లెక్క వారికెదురగును. కావున దీని పుట్టుపూర్వోత్తరములును గుణదోషములును మనకు తెలిసియుండుట మేలు.

పూర్వుల మాటను పేరుపెట్టి చెప్పుట మనకు క్రొత్త గాదు. మెదకు సీమలోని కొలిచెలమ, అనగా నేటి కొల్చారము, మల్లినాథసూరి వంశమువారి యూరు. ఆ మహానుభావుడు కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యానము వ్రాయుచు, మూలములేని మాట యొక్కటియు వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ప్రతిన పూనెను. అందుకు తగినట్లే పదమునకు నిఘంటువును, రూపమునకు వ్యాకరణసూత్రమును, అలంకారమునకు లక్షణగ్రంథమును అడుగడుగున చూపించెను. చదువరి తన్ను నమ్మవలసిన పనిలేదు. చూపిన చోటికి పోయి చూచుకొనవచ్చును. ప్రమాణము చూపుటలోని మొదటి ప్రయోజనమిదియే.

రెండవ ప్రయోజనము రక్షణము. 15వ శతాబ్దిలో తెలంగాణమందలి రామగిరి ప్రభువుల యాశ్రయమున నుండిన మడికి సింగన ‘సకలనీతిసమ్మత’ మను సంకలనము కూర్చెను. అందు పెక్కు నీతిగ్రంథములనుండి పద్యములేర్చి, ఏది యే గ్రంథములోనిదో తెలిపెను. వానిలో ముద్రామాత్యము వంటివి నేడు దొరకవు. సింగన పేర్కొనుటచేతనే వాని పేరును, కొన్ని పద్యములును మనకు మిగిలినవి. అట్లే పెదపాటి జగ్గన కూర్చిన ‘ప్రబంధరత్నాకరము’ వలన నష్టమైన కావ్యముల పద్యములు కొన్ని బ్రతికినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు అట్టి పద్యములను ఏర్చి 1918లో ‘ప్రబంధరత్నావళి’ యను పేర ప్రకటించిరి. తాటాకును చెదపురుగు తినివేసినను, ఒకరు పేర్కొన్న పద్యము మరియొక తాటాకుపై నిలిచియుండెను. మనవారు ఇట్లు పేర్కొనుటను ఋణము తీర్చుటగను, ధర్మముగను భావించిరి. అయితే ఎవరిని ఎన్నిమారులు పేర్కొనిరని లెక్కపెట్టలేదు.

లెక్కపెట్టుట న్యాయస్థానములనుండి మొదలైనది. దావా నడపిన అనుభవము గలవారు మీలోనుందురు. వకీలు పాతతీర్పు నొకదానిని చూపి, ఇదే న్యాయము మాకును వర్తించునని వాదించును. కాని ఆ పాతతీర్పును తరువాతి న్యాయాధిపతులు అనుసరించిరా, కొట్టివేసిరా యను సంగతి ముందుగా తెలియవలెను. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఫ్రాంక్ షెపర్డు అనునాతడు 1873లో దీనికొక ఉపాయము కనిపెట్టెను. ఏ తీర్పును తరువాత ఏయే తీర్పులలో పేర్కొనిరో పట్టిక వేసి, జిగురుకాగితములపై అచ్చొత్తి అమ్మెను. వకీళ్లు వానిని తీర్పుల పుస్తకముల అంచులలో అంటించుకొనుచుండిరి.

ఆ తరువాత 1927లో కాలిఫోర్నియాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్ అను నిద్దరు ఇదే యుపాయమును వేరొక పనికి వాడిరి. చిన్న కళాశాలకు ధనము తక్కువ; రసాయనశాస్త్ర పత్రికలన్నియు కొనజాలదు. ఏవి ముఖ్యములో తెలియుటెట్లు? వారు అమెరికా రసాయన సంఘపు పత్రికయొక్క ఒక సంవత్సరపు సంపుటము తీసికొని, అందలి వ్యాసకర్తలు ఏయే పత్రికలను ఎన్నిమారులు పేర్కొనిరో లెక్కించి, ఆ వరుసను బట్టి కొనవలసినవానిని సూచించిరి. గమనింపుడు: ఈ లెక్క పుట్టినది పుస్తకములు కొనుటకు గాని, మనుష్యులను తూచుటకు గాదు.

ఫిలడెల్ఫియాలోని యూజీన్ గార్ఫీల్డు షెపర్డు పట్టికలను చూచి, శాస్త్రములకును ఇట్టిది కావలెనని 1955లో ‘సైన్సు’ పత్రికలో వ్రాసెను. ఒక సిద్ధాంతము తరువాత ఎటుపోయినదో, ఎవరు దానిని సమర్థించిరో, ఎవరు ఖండించిరో వెదకుటకు అది దారిచూపునని ఆయన యాశయము. 1964 నుండి ‘సైన్సు సైటేషన్ ఇండెక్సు’ క్రమముగ వెలువడజొచ్చెను. దానినుండియే పత్రికల విలువను తెలుపు ‘ఇంపాక్టు ఫ్యాక్టరు’ పుట్టినది. ఒక పత్రిక గడచిన రెండేండ్లలో 100 వ్యాసములు ప్రకటించెననుకొందము. వానిని ఈ యేడు 300 మారులు ఇతరులు పేర్కొనిరనుకొందము. అపుడు ఆ పత్రిక విలువ 3. మనుష్యుని కొలుచు మానమును 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రవేత్త చెప్పెను. ఒకని వ్యాసములలో కనీసము 5 వ్యాసములను ఒక్కొక్కదానిని 5 మారులకు తగ్గకుండ ఇతరులు పేర్కొనినచో, ఆతని యంకె 5. అట్లే 10 వ్యాసములకు పదేసి మారులైనచో 10.

ఈ కుంచములో మన తెలుగువాడొకడు ఎట్లు కొలువబడెనో చూతము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా పోయి, హార్వర్డులో సైరస్ ఫిస్కె అను నాచార్యునితో కలిసి 1925లో ఒక వ్యాసము ప్రకటించిరి. రక్తములోను మూత్రములోను భాస్వరమెంత యున్నదో నీలివర్ణపు చిక్కదనమును బట్టి కనుగొను విధానమది. ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట దానిని వాడిరి, వాడినవారెల్ల పేర్కొనిరి. ఆ వ్యాసమును పేర్కొన్న వ్రాతలు వేలసంఖ్యలో గలవు. ఆ లెక్కలో ఆయన కీర్తి చిరస్థాయి.

కాని ఈ లెక్కకు అందనిదేమో చూడుడు. ఆ కీర్తి యట్లుండగనే హార్వర్డులో ఆయనకు స్థిరోద్యోగము దొరకలేదు. 1940లో లెడర్లీ యను ఔషధసంస్థలో చేరిరి. అచట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము తయారుచేయు విధానము సిద్ధించినది, ఆరియోమైసిను వెలువడినది, బోదకాలు వ్యాధికి హెట్రజాను అను మందు 1947లో తెలియవచ్చినది. 1948లో ఆయన కాలధర్మము నొందిరి. మన దేశములో 2004 నుండి ప్రభుత్వమువారు బోదకాలు గల జిల్లాలలో ఇంటింట పంచిపెట్టుచున్న డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. ఆ మాత్ర మ్రింగిన కోట్లమంది ఏ వ్యాసమును వ్రాయలేదు, ఎవరిని పేర్కొనలేదు. భాస్వరమును కొలుచు విధానము వేలమారులు లెక్కకెక్కినది. కాలు వాపు రాకుండ కాపాడబడిన రైతు లెక్కకెక్కలేదు. కుంచము అబద్ధమాడలేదు, అది కొలువగలిగినదానినే కొలిచినది. పొరపాటు, అంతకుమించి ఏమియు లేదనుకొన్నవారిది.

మరియొక చిక్కు కలదు. పేర్కొనుట యెల్ల మెచ్చుట గాదు. 1656 నాటి ‘అప్పకవీయము’ను తీసికొనుడు. ‘ఆంధ్రశబ్దచింతామణి’ నన్నయభట్టు రచనయని అప్పకవి చెప్పెను. కాదని వాదించినవారును, ఔనని వాదించినవారును, ఇరుతెగలవారును అప్పకవిని పేర్కొనక తప్పలేదు. తలలు లెక్కించువాడు అందరిని ఒక్క రాశిలో పోయును. పొగడినదేదో తెగడినదేదో చదివిన వానికే తెలియును.

ఇక మన గడపలోని సంగతి. ఈ ఖమ్మము, భద్రాచలముల అడవియంచు పాఠశాలలలో నేను ముప్పదేండ్లకుపైగా తెలుగు చెప్పితిని. ఈ సీమనుగూర్చి విద్వల్లోకమున జరిగిన ప్రమాణపరంపర చెప్పుకొనదగినది. దుమ్ముగూడెమున క్రైస్తవ మిషనులో నుండిన జాన్ కెయిన్ అను దొర భద్రాచలము, రేకపల్లి తాలూకాలనుగూర్చి 1876 నుండి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్యాసములు వ్రాసెను. కోయల యాచారములు, పండుగలు, భాష అందు వర్ణింపబడినవి. అప్పటికి భద్రాచలము గోదావరి జిల్లాలోనిది. 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో రేకపల్లి ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయి, దుమ్ముగూడెము తెలంగాణమున నిలిచినది. 1909లో ఎడ్గార్ థర్స్టను ఏడు సంపుటములుగ ప్రకటించిన దక్షిణదేశపు కులజాతుల గ్రంథమున కోయలనుగూర్చిన భాగమునందు కెయిన్ దొర మాటలనే విరివిగ ఉదాహరించెను. పిదప వ్రాసినవారు పలువురు థర్స్టనునే పేర్కొనిరి. ఆ విధముగ థర్స్టను పేరు పెరిగినది. కెయిన్ పేరు వెనుకబడినది. మరి కెయిన్ దొరకు ఆ సంగతులు చెప్పినదెవరు? గోదావరి యొడ్డున గూడెములలోని కోయ పెద్దలు. వారి పేర్లు ఏ లెక్కలోను లేవు. తరువాత హైమెన్‌డార్ఫు దొర పాపికొండల కొండరెడ్లనుగూర్చి 1945లో వెలువరించిన గ్రంథమును విద్వాంసులు నేటికిని పేర్కొనుచున్నారు. అదియును కొండరెడ్ల నోట వెలువడిన జ్ఞానముననే నిలిచినది.

మణుగూరు మండలము కూనవరమువాడగు సకిని రామచంద్రయ్యగారు మీకు తెలిసినవారే. డోలి వాయించుచు సమ్మక్క సారలమ్మల కథను, కోయ గోత్రముల చరిత్రలను నోటిపాఠముగ పాడిన ఆయనకు 2022లో పద్మశ్రీ బిరుదము వచ్చినది, 2024లో స్వర్గస్థులైరి. ఆయన వ్యాసమొక్కటియు వ్రాయలేదు. హిర్ష్ చెప్పిన యంకె ప్రకారము ఆయన విద్వత్తు సున్న! ఈ యొక్క ఉదాహరణము చాలును, ఆ కుంచము ఎచట కొలువజాలదో తెలియుటకు. తెలుగులో వ్రాసిన వారి గతియు దీనికి దూరము గాదు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ‘భారతి’లో మహాపండితులు శాసనములను, ఛందస్సును, దేశచరిత్రను చర్చించిరి. ఆ పాశ్చాత్యపు పట్టికలు ప్రధానముగ ఆంగ్లపత్రికలను చూచి వేసినవి. తెలుగు వ్యాసమునకు అందు చోటు అరుదు.

కొలమానమే గమ్యమైనపుడు కొలత చెడును. సంతలో ఇప్పపూవునకును చింతపండునకును కుంచము వేయునపుడు, కొనువాడు కుదిపి నొక్కి పోసికొనుటయు, అమ్మువాడు బొటనవ్రేలు లోపల పెట్టి కొలుచుటయు మీరెరిగినదే. విద్యాసంతలోను అట్టివి బయలుదేరినవి. తన వ్యాసములను తానే పదేపదే పేర్కొనువారు కొందరు. నీవు నన్ను పేర్కొనుము, నేను నిన్ను పేర్కొందునని జట్టుకట్టువారు కొందరు. మా పత్రికను పేర్కొనినగాని మీ వ్యాసము ప్రకటింపమను సంపాదకులు కొందరు. ఇది గమనించి 2012లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున శాస్త్రవేత్తలును సంపాదకులును కూడి, పత్రిక యంకెను బట్టి మనుష్యుని విలువ కట్టరాదని ప్రకటన మొనర్చిరి. మన దేశమున 2016 నుండి ప్రకటింపబడుచున్న జాతీయ విద్యాసంస్థల శ్రేణీపట్టికలో ఈ పేర్కొనుటల లెక్కయు నొక భాగము. కావున ఈ కుంచము ఇప్పట్లో మన గుమ్మము విడచి పోదు.

పోవలయుననియు నేననను. పాతసిద్ధాంతము నేడెచట నిలిచినదో వెదకుటకును, పరిమితధనము గల గ్రంథాలయము ఏది కొనవలెనో నిశ్చయించుటకును ఇది మంచి పనిముట్టు. బంధుప్రీతితో ఉద్యోగములిచ్చుచోట బీదవాని కుమారునకు ఈ యంకె యొక యండగ నిలువవచ్చును. కాని అంకె చూచువాడు వ్రాతను గూడ చదువవలెను. గింజ రాలినదో తాలో కుంచము చెప్పదు. చేటలో పోసి చెరిగినవారే చెప్పవలెను.

గ్రామపెద్దలకు నా మనవి యొక్కటి. విశ్వవిద్యాలయ విద్యార్థులు మీ గూడెములకు వచ్చి, పోడు సేద్యమును, ఆకుమందులను, భూమిపండుగను, కొలుపుల కథలను అడిగి వ్రాసికొని పోవుచున్నారు. వారికి ఆదరముతో చెప్పుడు, దాచవలదు. కాని చెప్పినవాని పేరును, ఊరును, చెప్పిన దినమును వ్రాయుమని కోరుడు. అచ్చయిన పిదప ఒక ప్రతి పంపుమని అడుగుడు. అది వచ్చినచో బడిలోనో గ్రంథాలయములోనో భద్రపరచుడు. మూలములేని మాట వ్రాయనని మల్లినాథుడు పలికిన సీమ ఇది. మూలమైన మనుష్యుని పేరు లేకుండ మాట మాత్రము ప్రపంచమంతట తిరుగుట ఈ సీమకు తగదు. కెయిన్ దొరకు చెప్పిన పెద్దల పేర్లు మనకిక దొరకవు. నేడు చెప్పుచున్నవారి పేర్లు నిలుపుట మన చేతిలోనే యున్నది.