దోపిడియు బందిపోటును

ఆంగ్లమున రాబరీ యనియు డెకాయిటీ యనియు రెండు మాటలు గలవు. మొదటిదానిని దోపిడి యనియు, రెండవదానిని బందిపోటు దొంగతనమనియు మనవారు వ్యవహరించుచున్నారు. చేత ఆయుధమున్నచో బందిపోటు, లేనిచో దోపిడి యని పలువురు తలంతురు. అది సరికాదు.

రాబరీ యనునది పాశ్చాత్యుల మాట. దోచిన సొమ్మును, ఒలిచిన వస్త్రమును దెలుపు ప్రాచీన జర్మానిక శబ్దమునుండి ఫ్రెంచి ద్వారమున ఆంగ్లమును జేరినది. నిలువుటంగీకి పేరైన రోబ్ అను మాటయు దీని తోబుట్టువే. డెకాయిటీ యన్ననో మన దేశపుదే. హిందూస్థానీలోని డకైతీ యను మాటను కంపెనీ దొరలు తమ దస్తరముల కెక్కించుకొనిరి.

1860 నాటి భారత శిక్షాస్మృతి యీ రెంటికిని హద్దు నేర్పరచెను. దొంగతనము చేయుచు కొట్టినను, నిర్బంధించినను, తత్క్షణ ప్రాణభయము గల్పించినను అది దోపిడి. ఆ దోపిడినే ఐదుగురుగాని అంతకు మించినవారుగాని కలిసి చేసినచో బందిపోటు. నలుగురు ఇల్లు చొరగా నొకడు వీథిలో నిలిచి వారికి కావలి గాచినను లెక్క ఐదే. మారకాయుధము శిక్షను పెంచును గాని నేరము పేరు మార్చదు. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు 309, 310 సెక్షనులలో నీ హద్దునే నిలిపినది.

ఒక్క తల పెరిగినంతనే యింత భేదమేల? బందిపోటులో నొకడు హత్య చేసినచో తక్కినవారికిని మరణశిక్ష విధింపవచ్చును. దానికై సన్నాహము చేయుటయు, గుమిగూడుటయు గూడ నేరములే. ఒకనిని ఇంటివారెదిరింపవచ్చును, గుంపు వచ్చి పడినప్పుడు ఊరే తలుపులు మూసికొనును. కావున నీ కాఠిన్యమునకు హేతువు లేకపోలేదు.

అయితే గుంపును శిక్షించు నీ బుద్ధి యెంతవరకు బోయెనో చరిత్ర చెప్పుచున్నది. 1772లో వారన్ హేస్టింగ్సు ప్రభుత్వము బంగాళమున చేసిన కట్టడిలో, డెకాయిటును వాని స్వగ్రామముననే యురిదీయవలెననియు, గ్రామమునకు జుల్మానా విధింపవలెననియు, వాని కుటుంబమును ప్రభుత్వమునకు బానిసలను జేయవలెననియు నుండెను. 1836లో థగ్గుల గుంపునకు జెందియుండుటయే నేరమని శాసించిరి; 1843లో డెకాయిటులకును అట్టి శాసనమునే వర్తింపజేసిరి. 1871లో నేరస్థ జాతుల చట్టము పుట్టెను. గుంపు పోయి కులము వచ్చెను. చేసిన పని పోయి పుట్టుక వచ్చెను.

1911 నాటి చట్టముతో నీ పీడ చెన్నపురి రాజధానికిని ప్రాకెను. బాపట్ల చేరువ ఎరుకలవారికై సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున స్టూవార్టుపురము వెలసెను. దొరతనపు ఉద్యోగి హెరాల్డు స్టూవార్టు పేర నేర్పడిన యా యూరి పేరును లోకము దొంగకు పర్యాయపదముగా వాడసాగెను. ఏ సెక్షనును ఎరుగని పసిబిడ్డయు ఆ పేరును మోయవలసి వచ్చెను. 1952లో నా చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, నోటిమాట రద్దు కాలేదు.

చట్టము ఐదుగురిని లెక్కించునప్పుడు నేరస్థలమున నిలిచి తోడ్పడినవారినే లెక్కించుచున్నది. వారి తల్లిదండ్రులను, కులమును, ఊరిని లెక్కించుట లేదు. బందిపోటను మాట నోట వచ్చునప్పుడు పాఠకులును ఆపాటి లెక్క పాటింతురుగాక యని మా ప్రార్థన.