ఢిల్లీ సీబీఐ నుంచి ఖైరతాబాద్ బస్తీలకు

1996 మార్చి 1. సుప్రీంకోర్టులో హవాలా కేసు నడుస్తోంది. జస్టిస్ జె.ఎస్. వర్మ నాయకత్వంలోని ధర్మాసనం ఆ రోజు సీబీఐకి ఒక ఆదేశం ఇచ్చింది. ఈ దర్యాప్తు ఎవరి మెడకు చుట్టుకునే వీలుందో వాళ్ల దగ్గర సూచనలు తీసుకోవద్దు, వాళ్లకు వివరాలు చెప్పొద్దు. పదవి రీత్యా సీబీఐ మీద అజమాయిషీ ఉన్నవాళ్లైనా సరే, ఇదే మాట. అప్పట్లో సీబీఐ ఉన్నది ప్రధాని చేతిలోని శాఖ కిందే. కోర్టు ఎవరిని ఉద్దేశించి చెప్పిందో హాలులో ఉన్న అందరికీ తెలుసు.

ఆ ప్రధాని పి.వి. నరసింహారావు. ఆ సీబీఐ డైరెక్టర్ కె. విజయరామారావు. పీవీ పుట్టింది లక్నేపల్లిలో, విజయరామారావుది ఏటూరునాగారం. ఇద్దరిదీ పాత వరంగల్ జిల్లాయే. తనను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ప్రభుత్వ పెద్దకు చెప్పకుండా ఒక పోలీసు అధికారి దర్యాప్తు నడపాలి. నివేదిక ఇవ్వాల్సింది ఇక కోర్టుకే. ముప్పై ఏళ్లకు పైగా పైవాడికి సెల్యూట్ కొట్టి బతికిన ఉద్యోగికి అదెంత ఇరకాటమో పోలీసు కుటుంబాలను అడిగితే చెబుతాయి.

కేసు మూలం 1991 మేలో జరిగిన సోదాలు. జైన్ సోదరులకు సంబంధించిన చోట్ల డైరీలు దొరికాయి. పొడి అక్షరాల్లో పేర్లు, పక్కన అంకెలు. అన్ని పార్టీల పెద్దలూ అందులో ఉన్నారన్నారు. ఆ డైరీలు ఏళ్ల తరబడి కదల్లేదు. పాత్రికేయుడు వినీత్ నారాయణ్ తదితరులు 1993లో సుప్రీంకోర్టు తలుపు తట్టాక గానీ వేడి పుట్టలేదు. 1996 జనవరిలో ఛార్జిషీట్లు పడ్డాయి. ఎల్.కె. అద్వానీ లోక్‌సభ సభ్యత్వం వదులుకుని, మచ్చ తొలగేదాకా పోటీ చేయనన్నారు. ప్రత్యర్థులను ఏరివేయడానికి పీవీ వేసిన ఎత్తు ఇదని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. చివరికి 1997 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అద్వానీపై కేసు కొట్టేసింది. డైరీలోని పొడి అక్షరాలు సాక్ష్యంగా నిలబడలేదు. అలా నిలవని కాగితం మీద అంతమందిని బోనెక్కించడం న్యాయమా అన్న ప్రశ్న సీబీఐని ఇప్పటికీ వదల్లేదు, వదలకూడదు కూడా.

విజయరామారావు డైరెక్టర్‌గా ఉన్నది 1993 జులై 31 నుంచి సరిగ్గా మూడేళ్లు. ముంబై పేలుళ్ల కేసు ఆ కాలంలోనే సీబీఐకి వచ్చింది. నా దృష్టిలో ఆయన హయాంలో అన్నిటికంటే గొప్ప పని మాత్రం ఇస్రో గూఢచర్యం కేసు. కేరళ పోలీసులు శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను దేశద్రోహిగా నిలబెట్టారు. పత్రికలు రోజుకో కథ అల్లాయి. 1994 డిసెంబరులో కేసు చేతికొచ్చాక సీబీఐ తవ్వి చూస్తే గుండుసున్నా. ఊరంతా దొంగ అంటున్నవాణ్ణి దొంగ కాదని కోర్టుకు రాసివ్వడానికి, పట్టుకుని జైల్లో వేయడం కంటే ఎక్కువ గుండె కావాలి. 1996లో సీబీఐ ఆ పని చేసింది.

అదే ఏడాది పదవీ విరమణ. మూడేళ్లు దాటగానే, 1999 శాసనసభ ఎన్నికల్లో, ఒకప్పుడు హైదరాబాద్ పోలీసు కమిషనర్‌గా చేసిన ఈ మనిషి ఖైరతాబాద్‌లో తెలుగుదేశం అభ్యర్థి. ఆ ఎన్నికల్లో తెలుగుదేశానికి పొత్తు బీజేపీతో. తన సీబీఐ ఛార్జిషీటు వేసిన అద్వానీ పార్టీ జెండా, ఇప్పుడు తన ప్రచార రథం పక్కనే. రాజకీయం ఎంత తొందరగా మనుషులను పక్కపక్కన నిలబెడుతుందో!

ఎదుట ఉన్నది కాంగ్రెస్ నేత పి. జనార్దన్ రెడ్డి. పీజేఆర్ అంటే కార్మిక సంఘాలు, గుడిసెవాసులు, నల్లా నీళ్ల ధర్నాలు. అప్పటి ఖైరతాబాద్ మామూలు నియోజకవర్గం కాదు. బంజారాహిల్స్ బంగళాలూ, బస్తీల రేకుల షెడ్లూ ఒకే ఓటరు జాబితాలో. బస్తీలో ఎవరింట్లో చావైనా పెళ్లైనా వచ్చి నిలబడే పీజేఆర్ మీదికి, జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన అధికారి దిగాడు. మాజీ సీబీఐ డైరెక్టర్ అనే పేరు కాలనీలకు ఎక్కింది. కార్గిల్ తర్వాతి వాజ్‌పేయి గాలి తోడైంది. విజయరామారావు గెలిచారు. తెలుగుదేశం 294లో 180 స్థానాలు తెచ్చుకుంది. తొలిసారి ఎమ్మెల్యే అయిన ఆయనకు చంద్రబాబు రోడ్లు, భవనాల శాఖ ఇచ్చారు.

సీబీఐ డైరెక్టర్ కుర్చీ దిగినవాళ్లు పార్టీ టికెట్ తీసుకోవడానికి చట్టం ఒక విరామం పెట్టి ఉండాల్సిందని నా గట్టి నమ్మకం. ఆయన ఏ తప్పూ చేశారని కాదు. కోర్టు ఆనాడు ప్రధానికి అడ్డంగా గీసిన గీత విలువ నిలవాలంటే, ఆ గీత వెనుక నిలబడ్డ అధికారి మరో పార్టీ కండువాతో జనం ముందుకు ఇంత త్వరగా రాకూడదు. ఆయన చేసిన మంచి పనిని కూడా అనుమానించే వీలు ఇలాగే దొరుకుతుంది.

2004లో బస్తీలు పీజేఆర్‌ను మళ్లీ అసెంబ్లీకి పంపాయి. కాంగ్రెస్ అధికారంలోకి వచ్చినా, అంతకుముందు మంత్రిగా చేసిన ఆ పాత కాపుకు వై.ఎస్. మంత్రివర్గంలో చోటు దక్కలేదు.