రచ్చబండపై అందరికీ చోటు

1514లో శ్రీకృష్ణదేవరాయలు ప్రతాపరుద్ర గజపతి నుండి ఉదయగిరి దుర్గమును గెలుచుకొన్నాడు. గద్దెపై రాజులు మారినను, తెలుగు పల్లెలలో జనులు కూర్చుండు గద్దె మారలేదు; అదే రచ్చబండ. రావి, వేప చెట్ల మొదట రాతితో కట్టిన ఆ తిన్నె తీర్పులకు, పురాణ కాలక్షేపమునకు, బాటసారి విశ్రాంతికి నెలవు. వేసవి మండిపోవు ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో నీడయే తొలి ఆతిథ్యము గదా!

అయితే ఆ బండపై అందరికిని చోటు దక్కలేదు. కులము పేరిట కొందరు దూరముగా నిలిచియే తీర్పు వినవలసివచ్చినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 15వ అధికరణము, ప్రజలు వాడుకొను బావులు, చెరువులు, బాటలు, కూడు స్థలములలో అట్టి అడ్డంకిని నిషేధించినది. కావున నేడు ఊరిలో బల్లలు వేయించువారు రచ్చబండ నుండి చెట్టునీడ విలువను నేర్చుకొనవలెను. ఎవరు కూర్చుండవచ్చునను విషయమున మాత్రము రాజ్యాంగమునే అనుసరింపవలెను.